స్కుటారి నుంచి గోదావరి దాకా: రోగిని గమనించడం నేర్పిన ఫ్లోరెన్స్ నైటింగేల్

నయా రాయపూర్, మే 12: ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నవ రాయపూర్ అటల్ నగర్ అని పేరు మార్చినా, జనం నోట ఇంకా నయా రాయపూర్‌గానే వినిపించే ఈ కొత్త నగరంలో, పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్స చేసే శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి 2012 నుంచి పనిచేస్తోంది. ఇటువంటి ఆసుపత్రుల్లో రోగికి తన బాధ చెప్పుకునే మాటలే రావు. ఆపరేషన్ అయిన పసిబిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదీ, పెదవుల రంగు ఎలా ఉన్నదీ, అరికాళ్ళు చల్లబడుతున్నాయా, గంటక్రితం ఏడుపుకూ ఇప్పటి ఏడుపుకూ తేడా ఏమిటీ అన్నవే అక్కడి భాష. ఆ భాషను చదివి, అర్ధరాత్రి వైద్యుణ్ణి లేపవలసిన ఘడియ ఇదేనా కాదా అని తేల్చుకోవలసింది మంచం పక్కన నిలబడిన నర్సు. యంత్రం మోగిన తరువాత పిలవడం ఎవరికైనా సాధ్యమే. మోగకముందే అనుమానించగలగడం వేరొక విద్య.

ఆ విద్యనే నేటి నర్సింగ్ శాస్త్రం క్లినికల్ జడ్జిమెంట్ అంటోంది. అమెరికాలో నర్సుగా పనిచేయదలచిన తెలుగు యువతులు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షను 2023 ఏప్రిల్‌లో మార్చినప్పుడు ప్రధానంగా దీనికే పెద్దపీట వేశారు. పాఠం అప్పజెప్పగలరా అన్నదానికంటే, ఎదుట ఉన్న రోగిలో ఏది ముఖ్యమైన సూచనో గుర్తించగలరా అన్నది ఇప్పుడక్కడ పరీక్ష. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. దానిని మొదటిసారి తేటగా పుస్తకంలో పెట్టిన స్త్రీ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. ఆ నగరం పేరే ఆమెకు పెట్టారు. లోకం ఆమెను చేతిలో దీపంతో గుర్తుపెట్టుకుంది. లెక్కల కాగితాలతో గుర్తుపెట్టుకుని ఉంటే ఆమెకు మరింత న్యాయం జరిగేది.

తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు, చదువరి. తల్లి ఫ్రాన్సిస్. అక్క పార్థెనోప్ అంతకు ఏడాది ముందు నేపుల్స్‌లో పుట్టగా, ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామాన్ని ఆమెకు పెట్టారు. డెర్బీషైర్‌లో ఒక భవనం, హాంప్‌షైర్‌లో మరొకటి. ఆడపిల్లలకు కుట్టుపని, సంగీతం చాలుననుకునే కాలంలో ఆ తండ్రి తన కుమార్తెలకు గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రం తానే బోధించారు. ఫ్లోరెన్స్‌కు గణితం మీద విపరీతమైన మక్కువ. 1837 ఫిబ్రవరిలో, 16 ఏళ్ల వయసులో, దేవుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు అనిపించింది. ఏ సేవకో తేల్చుకోవడానికి ఏళ్ళు పట్టింది.

తేల్చుకున్నాక ఇల్లే అడ్డం నిలిచింది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్ళి పని నేర్చుకుంటానంటే ఇంట్లో గగ్గోలు పుట్టింది. ఆనాటి ఇంగ్లాండులో ఆసుపత్రి నర్సు అంటే చదువు లేని, తాగుడుకు అలవాటుపడిన మనిషి అన్న అపకీర్తి ఉండేది. అందులో కొంత నిజం, మిగిలినది పెద్దింటివారి తృణీకారం. తనను చాలాకాలం ప్రేమించిన రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్‌ను ఆమె 1849లో కాదన్నారు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్ సేవాసంస్థలో సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు. ఆమె పొందిన క్రమబద్ధమైన నర్సింగ్ శిక్షణ దాదాపుగా అంతే. మిగిలిన విద్య అంతా ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకుని, తెల్లవారుజామున దీపం ముందు కూర్చుని, తానే పట్టికలు కట్టుకుని సంపాదించినది.

1853లో లండన్ హార్లే వీధిలో, అస్వస్థులైన మధ్యతరగతి స్త్రీల కోసం నడిచే ఒక చిన్న వైద్యాలయానికి ఆమె పర్యవేక్షకురాలయ్యారు. అక్కడ ఆమె ముందుగా అడిగినవి ఔషధాలు కావు. ప్రతి అంతస్తుకూ వేడినీటి గొట్టాలు కావాలన్నారు. భోజనం పైకి చేర్చే తాడు లిఫ్టు, ఏ రోగి పిలిచిందో గుర్తుండేలా మోగిన తరువాత తెరుచుకునే ఉండే గంటల మీట కూడా అడిగారు. పాలకవర్గానికి ఇవి విలాసాలుగా తోచి ఉండవచ్చు. మెట్లెక్కి దిగడంలోనే నర్సు దినమంతా గడిచిపోతే రోగిని చూసేదెవరన్నది ఆమె లెక్క. ఇవాళ్టి వార్డుల్లో రిజిస్టర్ల మీద, కంప్యూటర్ ఎంట్రీల మీద నర్సుల సమయం ఎంత పోతోందని ఎవరైనా గడియారం పట్టి చూస్తే, ఆ పాత వాదం ఎంత సజీవమో తెలుస్తుంది.

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికుల దుస్థితిని పత్రికలు బయటపెట్టగా, యుద్ధవ్యవహారాల మంత్రి, మిత్రుడు అయిన సిడ్నీ హెర్బర్ట్ ఆమెను కోరారు. అక్టోబర్ 21న 38 మంది స్త్రీలతో బయలుదేరి, నవంబర్ 4న ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి చేరుకున్నారు. టర్కీ సైన్యపు బారకాసునే ఆసుపత్రిగా మార్చిన కట్టడం అది. నేలకింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. పడకలు లేవు, బక్కెట్లు లేవు, ఉతికిన చొక్కా లేదు. సైనిక వైద్యులు ఈ ఆడవారిని లోపలికి రానివ్వడానికి ఇష్టపడలేదు. ఆమె తొందరపడలేదు. వైద్యులు పిలిచేదాకా తన నర్సులను రోగుల జోలికి పోనివ్వక, కట్టుబట్టలు, దిండ్లు కుట్టిస్తూ వేచి ఉన్నారు. ఇంకర్‌మన్ యుద్ధంలో దెబ్బతిన్నవారు ఓడలనిండా రాసాగిన తరువాత పిలుపు దానంతటదే వచ్చింది. కళ్ళెదుట మనుషులు మూలుగుతుండగా చేతులు కట్టుకుని నిలబడటం కఠినమే. అయితే ఆ నాలుగు రోజుల సంయమనం లేకుంటే ఆమె బృందాన్ని మొదటి ఓడలోనే వెనక్కు పంపి ఉండేవారేమో.

ఆ శీతకాలమంతా వంటశాలలు, చాకిరేవులు ఏర్పాటు చేశారు. పత్రికలు పోగుచేసిన విరాళాలతో సామగ్రి కొన్నారు. మరణిస్తున్నవారి తరఫున ఇళ్లకు ఉత్తరాలు రాశారు. రాత్రివేళ దీపం పట్టుకుని వరండాల వెంట తిరిగారు. ఈ కథ అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. ఆమె వచ్చాక స్కుటారిలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందిన ప్రతి 100 మందిలో 42 మందికి పైగా చనిపోయారన్న లెక్క ఉంది. అదే సంఖ్య జూన్ నాటికి 2 దాకా పడిపోయింది. మధ్యలో జరిగినదేమిటి? మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుధ్య సంఘం దిగింది. వైద్యుడు జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ అందులో సభ్యులు. వారు కాలువలు కడిగించారు, కళేబరాలను తొలగించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేట్టు కిటికీలు తెరిపించారు.

ఆ సమయంలో నైటింగేల్ అనుకున్నది వేరు. సైనికులు యుద్ధరంగం నుంచే ఆకలితో, చలితో, చివరి దశలో వస్తున్నారు కాబట్టి చనిపోతున్నారని ఆమె నమ్మారు. సరఫరా శాఖ అసమర్థత మీదే ఆమె కోపమంతా. తానే 1855 మేలో బాలక్లావాలో తీవ్రజ్వరంతో పడి, చావు అంచుదాకా వెళ్ళి బతికారు. 1856 ఆగస్టులో మిస్ స్మిత్ అన్న మారుపేరుతో, మేళతాళాలు తప్పించుకుని, నిశ్శబ్దంగా ఇల్లు చేరారు.

ఆమె జీవితంలో అసలు మలుపు ఆ తరువాత వచ్చింది. జాతీయ వీరనారిగా కీర్తి శిఖరాన ఉన్న మనిషి, తన ఆసుపత్రి లెక్కలను తానే మళ్ళీ తిరగేయడానికి కూర్చున్నారు. ప్రభుత్వ జనన మరణ గణాంక శాఖలోని విలియం ఫార్ ఆమెకు తోడయ్యారు. వరుసలు కట్టి, ఆసుపత్రికీ ఆసుపత్రికీ పోల్చి చూస్తే, యుద్ధరంగానికి దగ్గరగా ఉన్న చిన్నచిన్న శిబిరాల కంటే స్కుటారిలోనే చావులు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. గాయాల కంటే అంటురోగాలు అనేక రెట్లు ఎక్కువమందిని బలి తీసుకున్నాయి. ఆ రోగాలలో అధికభాగం ఆసుపత్రి కప్పు కిందే అంటుకున్నాయి. 1857లో ఆమె ఆరోగ్యం కుప్పకూలడానికి ఈ గ్రహింపే కారణమని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. క్రిమియా జ్వరం విడవకపోవడమే కారణమని ఇతరులు అంటారు. కారణం ఏదైనా, ఆమె లెక్కలను దాచలేదు. 1858లో 800 పుటలకు మించిన నివేదికను అచ్చువేయించి ముఖ్యులకు పంచారు. పన్నెండు నెలలను పన్నెండు రేకులుగా చూపే ఆమె రంగుల చిత్రం ఈ కాలానిదే. నివారించదగిన వ్యాధుల మరణాలకు నీలం, గాయాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు. నీలం రేకులు మిగిలిన రెండింటినీ కప్పివేస్తాయి. మంత్రులు అంకెల పట్టిక చదవరని ఆమెకు తెలుసు. ఆ ఏడాదే రాయల్ స్టాటిస్టికల్ సొసైటీగా తరువాత పేరొందిన సంస్థ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అందులో తొలి మహిళ ఆమెయే.

తన అభిప్రాయం తప్పని తన అంకెలే చెప్పినప్పుడు అభిప్రాయాన్ని మార్చుకోగలగడం ఎంత దుర్లభమో వైద్యరంగంలో పనిచేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మంచి నర్సుగా తాను చేసిన సేవ ఒకవైపు, ఆ సేవ జరిగిన గోడలే చంపుతున్నాయన్న నిజం మరొకవైపు. రెండూ ఒకేసారి నిజాలు కావడమే అక్కడి విషాదం.

1859 చివర వెలువడిన ఆమె చిన్న పుస్తకం నోట్స్ ఆన్ నర్సింగ్ ఈ అనుభవం నుంచి పుట్టింది. అందులో రోగిని గమనించడం మీద ఒక అధ్యాయమే ఉంది. రాత్రి బాగా నిద్రపోయారా అని రోగిని అడగడం వ్యర్థమని ఆమె వివరించారు. ఏకధాటిగా పది గంటలు నిద్రపోకపోతే రాత్రంతా కునుకు లేదనేవారు కొందరు, అయిదు రాత్రులు కన్ను మూయకపోయినా బాగానే ఉందనేవారు ఇంకొందరు. కాబట్టి ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఏ వేళ మెలకువ వచ్చింది అని అడగాలి. మొదటి నిద్ర చెడిందా, తెల్లవారుజాము నిద్ర చెడిందా అన్నదాన్ని బట్టి వైద్యం మారిపోతుంది.

ఆహారం గురించి ఆమె చేసిన విశ్లేషణ ఇంకా సూక్ష్మం. పళ్ళెం అలాగే తిరిగివస్తే నర్సులందరూ రోగికి ఆకలి లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి అందులో నాలుగు వేర్వేరు కారణాలు దాగి ఉండవచ్చు. వంట బాగుండకపోవచ్చు. ఎంచిన పదార్థమే ఆ రోగికి పడకపోవచ్చు. పెట్టిన వేళ సరికాకపోవచ్చు. నిజంగానే ఆకలి చచ్చిపోయి ఉండవచ్చు. మొదటిదానికి వంటవాణ్ణి మార్చాలి, రెండోదానికి పదార్థాన్ని, మూడోదానికి గడియారాన్ని, నాలుగోదానికి మాత్రమే వైద్యుణ్ణి పిలవాలి. ఉదయం పది గంటలకు గంజి తాగలేని జ్వరపీడితుడు సాయంత్రం ఆరింటికి తాగవచ్చునని మన పల్లెల్లోని ముసలమ్మలకు తెలియనిది కాదు. దానిని శిక్షణలో భాగం చేయడమే ఆమె ఘనత.

రోజుకు ఒకసారి వచ్చి పోయే వైద్యుడికి రోగి ముఖం ఒక క్షణం మాత్రమే కనిపిస్తుంది. బంధువులు, నర్సు చెప్పే మాటల మీదనే ఆయన మిగిలినదంతా ఊహించుకోవాలి. ఆ మాటలు అబద్ధాలు కాకపోయినా, అరకొరగా, అజాగ్రత్తగా ఉంటే రోగి ప్రాణం మీదికి వస్తుంది. ముఖం ఎర్రగా ఉన్నవారందరూ ఆరోగ్యవంతులు కారని, సగటు లెక్కలు పట్టుకుని ఎదుటి మనిషిని చూడటం మానరాదని కూడా ఆ పుస్తకం హెచ్చరిస్తుంది. గణాంకాలను అంతగా ప్రేమించిన వ్యక్తే సగటును నమ్మవద్దనడం గమనించదగినది. నగరంలో నూటికి ఎందరు పోతారో లెక్క చెబుతుంది. ఈ మంచం మీది మనిషి పోతాడా లేదా అన్నది కళ్ళు పెట్టి చూసినవారికే తెలుస్తుంది.

ప్రజలు ఆమె పేరిట పోగుచేసిన సుమారు 45 వేల పౌండ్ల నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం మొదలైంది. అభ్యర్థినులు వార్డులో చూసినదంతా దినచర్య పుస్తకంలో రాయాలి. వారి శ్రద్ధను, నడవడిని, పనితీరును నెలనెలా పత్రంలో నమోదు చేసేవారు. అక్కడ తయారైనవారు ఆస్ట్రేలియా, కెనడాల దాకా వెళ్ళారు. మన దేశంలో 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ ప్రారంభమైందని నర్సింగ్ పాఠ్యగ్రంథాలు పేర్కొంటాయి.

ఆమె ఎన్నడూ భారతదేశంలో అడుగుపెట్టలేదు. అయినా 1857 తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు ఆమె మనసు ఇక్కడే ఉంది. 1859లో ఏర్పడిన భారత సైనిక పారిశుధ్య రాయల్ కమిషన్ కోసం ఆమె ఒక ప్రశ్నావళి తయారుచేసి రెండు వందల దండు కేంద్రాలకు పంపించారు. తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, మురుగు ఎటు పోతుంది, ఒక్కొక్క సైనికుడికి ఎంత గాలి అందుతుంది అన్నవి ఆ ప్రశ్నలు. మంచం దగ్గర నర్సు అడగవలసిన ప్రశ్నలనే ఒక ఉపఖండాన్ని అడిగినట్లుంది. జవాబులన్నిటినీ పడకగదిలోనే కూర్చుని పరిశీలించారు. భారతదేశంలో బ్రిటిష్ సైనికుల వార్షిక మరణాలు వెయ్యికి 69 అని 1863 నివేదిక తేల్చింది. పదేళ్ళ తరువాత అది 18కి తగ్గిందని ఆమె ప్రకటించగలిగారు. సైనికుల తరువాత ఆమె దృష్టి రైతుల మీదకు మళ్ళింది.

ఇక్కడే తెలుగు నేల ఆమె కథలోకి వస్తుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని కాల్చివేసిన కరవులో బళ్ళారి, కర్నూలు, కడప సీమలు శ్మశానాలయ్యాయి. దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా జనం మరణించారని అంచనా. గోదావరి డెల్టా మాత్రం నిలదొక్కుకుంది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట అందుకు కారణం. బస్తర్ అడవులను దాటి వచ్చే ఇంద్రావతి, శబరి జలాలు కూడా గోదావరిలో కలిసి ఆ ఆనకట్టకే చేరతాయి. కాటన్ వాదనలను లండన్‌లో అనేకులు కొట్టిపారేస్తున్న కాలంలో నైటింగేల్ ఆయన పక్షాన నిలిచారు, ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. 1878 ఆగస్టులో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో కరవును, వడ్డీవ్యాపారి చేతిలో నలిగిపోతున్న రైతును ఇంగ్లీషు పాఠకుల ముందు నిలబెట్టారు. కాలువల మీద పెట్టిన ఖర్చుకూ వచ్చిన ఫలితానికీ పక్కా లెక్కలు ఇమ్మని ఇండియా ఆఫీసును పట్టుబట్టి అడిగారు. సరైన లెక్కలు అక్కడ లేవు.

ఆమెకు పొరపాట్లు లేవని కాదు. రోగాలు చెడుగాలి నుంచి పుడతాయన్న పాత సిద్ధాంతాన్ని చాలాకాలం వదలలేదు. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఆమె ఆలస్యంగా, తడబడుతూ అంగీకరించారు. చెడుగాలి అనే అర్థమే పేరులో ఉన్న మలేరియా దోమలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో కనుగొనేనాటికి ఆమెకు 77 ఏళ్ళు. నర్సులకు పరీక్ష పెట్టి ప్రభుత్వ రిజిస్టరులో పేరు నమోదు చేయాలన్న ఉద్యమాన్ని కూడా ఆమె గట్టిగా వ్యతిరేకించారు. పరీక్ష జ్ఞాపకాన్ని కొలుస్తుంది గాని మంచం దగ్గరి విచక్షణను కొలవదన్నది ఆమె అభ్యంతరం. చరిత్ర ఆమె మాట వినలేదు. బ్రిటన్‌లో 1919లో రిజిస్ట్రేషన్ చట్టం, భారత్‌లో 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చాయి. రిజిస్టరు లేకుంటే రోగికి రక్షణ లేదు గనుక అది మంచికే జరిగింది. అయితే ఆమె లేవనెత్తిన ప్రశ్నకు పరీక్షలు రూపొందించేవారు ఇప్పటికీ జవాబు వెతుకుతూనే ఉన్నారు. పైన చెప్పిన 2023 మార్పు ఆ వెతుకులాటలో భాగమే.

వృద్ధాప్యంలో చూపు పోయింది. జీవితమంతా గమనించమని చెప్పినవారికి అది చిన్న శిక్ష కాదు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న తొలి మహిళ అయ్యారు గాని, అప్పటికి ఆ గౌరవాన్ని పూర్తిగా గ్రహించే స్థితిలో లేరు. 1910 ఆగస్టు 13న లండన్ సౌత్ స్ట్రీట్‌లోని తన ఇంట్లో, 90వ ఏట కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చినా కుటుంబం అంగీకరించలేదు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామంలో, తల్లిదండ్రుల సమాధి పక్కన పూడ్చిపెట్టారు. రాతి మీద ఆమె పేరు లేదు. ఎఫ్, ఎన్ అనే రెండు పొడి అక్షరాలు, పుట్టిన, పోయిన తేదీలు మాత్రమే ఉన్నాయి.